అట్టముక్క తరువాతి పేజీలు

ఆ నవలను గ్రాంట్ రోడ్ స్టేషను బయట, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే ముసలాయన దగ్గర కొన్నాను. నూటయాభై ఏళ్ళకు పైబడిన ఇంగ్లిషు నవల. ఆయన దాన్ని వంటల పుస్తకాల మధ్య పెట్టుకున్నాడు. నేను ఆ స్టేషను పక్క సందులోనే ఒక జిరాక్స్ దుకాణంలో ఫారాలు నింపుతాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. రాయడమైతే తేలిక. ఎదుటివాళ్ళు పేరూ, ఊరూ చెబుతుంటే తల ఎత్తకుండా రాసుకుంటూ పోవచ్చు. గిరాకీ లేని వేళల్లో కౌంటరు కింద ఆ నవల పెట్టుకుని చదివేదాన్ని.

కథ పెద్ద చిక్కుగా ఏమీ ఉండదు. తల్లిదండ్రులు లేని ఒక పేద పిల్ల, చూడటానికి సాదాసీదాగా ఉండే పిల్ల, ఒక పెద్ద బంగళాలో చిన్నపాపకు చదువు చెప్పే పనిలో చేరుతుంది. యజమాని మీద మనసు పడుతుంది. ఆయనకూ ఆమె అంటే ఇష్టమే. పెళ్ళి దాకా వచ్చాక, ఆయనకు బతికున్న భార్య ఉందని బయటపడుతుంది. అయినా ఉండిపొమ్మని ఆయన బతిమాలతాడు. ఆమె ప్రాణమంతా ఉండిపొమ్మనే అంటుంది. కానీ ఆమె ఎవరికీ చెప్పకుండా ఆ ఇల్లు దాటి వెళ్ళిపోతుంది.

నా డైరీలో ఒక పేజీ మధ్యగా గీత గీసి, ఎడమవైపు బుద్ధి అని, కుడివైపు మనసు అని రాసుకున్నాను. ఆమె చేసే పనులను ఒక్కొక్కటిగా ఏదో ఒక వైపు చేర్చేదాన్ని. ఆయన అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం కుడివైపు. ఆయన కొనిపెట్టిన పట్టుబట్టలు వద్దనడం ఎడమవైపు. బంగళా వదిలి వెళ్ళిన రోజును ఎడమవైపు రాసి, కింద రెండు గీతలు గీశాను. అలాంటి బలం నాకు ఉండదని తెలుసు, అందుకే ఆమె అంటే అంత గౌరవం కలిగింది.

మేముండేది కామాటిపురాలో ఒక పాత చాల్ మూడో అంతస్తులో. వరసగా తొమ్మిది గదులు, వాటి ముందు అందరికీ ఒకటే గ్యాలరీ. మూడేళ్ళుగా మాకు నీళ్ళు మధ్యాహ్నం మూడున్నరకు వస్తున్నాయి. దుకాణం నుంచి నేను మూడింటికి బయలుదేరేది కూడా అందుకే. డ్రమ్ములు నిండాక ఆడవాళ్ళు గ్యాలరీలో కూర్చుని చొక్కాల మూటలు విప్పుతారు. కుట్టు కార్ఖానా నుంచి వచ్చిన కొత్త చొక్కాలకు వేలాడే దారాలు చిన్న కత్తెరతో కత్తిరించడం వాళ్ళ పని. దాన్ని ధాగా కటింగ్ అంటారు.

ఒకరోజు నేను గోడకు ఆనుకుని చదువుతూ కళ్ళు తుడుచుకోవడం అత్త చూసింది.

“ఏందే, గా బుక్కుల ఎవరన్న సచ్చిన్రా?”

“లేదత్తా.”

“మరెందుకు ఏడుస్తున్నవ్? మాకు గూడ జెప్పు. చేతులకు పనున్నది గని చెవులు ఖాళీగనే ఉన్నయ్ గదా.”

అలా మొదలైంది. రోజుకు కొంత కొంత, ఒక గంట పాటు తెలుగులో చెప్పేదాన్ని. అక్కడున్నది నలుగురైదుగురే, పైగా వాళ్ళ చూపులు నా మీద కాక దారాల మీద ఉంటాయి కాబట్టి నా గొంతు లేచేది. ఎంతవరకు చెప్పానో గుర్తుకు, చొక్కా కాలరులో పెట్టే అట్టముక్క ఒకటి ఆ పేజీలో ఉంచేదాన్ని.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఆమెకు పెళ్ళయింది పక్కగది అబ్బాయితోనే. అత్తవారింటికి పోవడానికి ఆమెకు ఆరడుగులే పట్టాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మామ ఇళ్ళలో నేలకు లాదీలు, అంటే బండలు, పరిచే మేస్త్రి. పదకొండేళ్ళ కిందట వర్లిలో పని దొరికిందని వెళ్ళాడు, అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. వర్లి ఏమంత దూరం? ఒక బస్సు. అయినా ఆయన ఒక్కసారి కూడా రాలేదు. అత్త ఆ గదిలోనే ఉండిపోయింది. అన్నదమ్ములు రమ్మన్నా పోలేదు, మహబూబ్‌నగర్ నుంచి చుట్టాలు పిలిచినా పోలేదు. ఏటా సున్నం వేయించేది. తలుపు మీద ఆయన పేరున్న రేకు తీసేయలేదు. ఆమె ఆయన కోసం ఎదురుచూస్తోందనే నేను చిన్నప్పటి నుంచి అనుకున్నాను. నా డైరీలో ఆమె పేరు రాయలేదు కానీ, రాస్తే మొత్తం కుడివైపే రాసేదాన్ని.

ఇంతలో మా చాల్ పడగొట్టి కొత్త బిల్డింగు కడతారన్న మాట ఖాయమైంది. ఏ గదిలో ఎవరుంటున్నారో రాసుకోవడానికి శుక్రవారం మనుషులు వస్తారని కింద నోటీసు అంటించారు. ఆ రోజు ఎవరి పేరు ఎక్కితే కొత్త ఇల్లు వాళ్ళది. అత్త గది అద్దె పావతీ, అంటే రసీదు, మామ పేరు మీద ఉంది. ఆయన వచ్చి ‘ఇక్కడ నేనుంటున్నాను’ అంటే గది ఆయనది. ‘ఆమె ఉంటోంది’ అని సంతకం పెడితే అత్తది.

సోమవారం పొద్దున మామ వచ్చాడు. ఒక సంచితో.

నేను పనికి బయలుదేరుతున్నాను. ఆయన చాలా చిక్కిపోయాడు. మోకాళ్ళు సరిగా వంగడం లేదేమో, మూడో అంతస్తు ఎక్కేసరికి రొప్పుతున్నాడు. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. సంచి లోపల పెట్టబోతే, “ఆడ్నే ఉండనీ,” అంది. ఆయన దాన్ని గ్యాలరీలో, గుమ్మం పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం కథ సరిగ్గా ఆ బంగళా వదిలి వెళ్ళే ఘట్టానికి వచ్చింది. నేను ఎంతో ముచ్చటపడి చెప్పాను. ఆమె గుండె ఎలా కొట్టుకుందో, తలుపుల దగ్గర ఎలా ఆగిందో, ఆగి ఎలా దాటిందో. చెప్పడం అయ్యాక గ్యాలరీ అంతా నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను.

“ఏం కట్టుకొని పోయింది?” అని అడిగింది మొదటి గది అవ్వ.

“ఏం లేదవ్వా. ఉన్న చిన్న మూట గూడ తొవ్వల్నే పోగొట్టుకుంది. రెండు దినాలు తిండి లేక తిరిగింది.”

“అరె దేవా! పోతే పోయింది, రెండు జొన్న భాకర్లన్న కట్టుకోలేదా? అంత పెద్ద బంగ్లాల వంటిల్లు లేకుండెనా?”

“ఇది అకల్ అంటవా, తెలివి అంటవా?” అంది మూలగది వదిన నాతో. “గిది ఉత్త కోపం. ఒక పారి నేను గూడ గిట్లనే మీ అన్న మీద అలిగి దాదర్ దాంక పోయిన. చేతుల పర్సు లేదు. మళ్ళ మీ అన్నకే ఫోన్ జేసిన, వచ్చి తీస్కపో అని.”

అందరూ నవ్వారు. నాకు ముఖం వేడెక్కింది. రెండు గీతలు గీసి పెట్టుకున్న పని అది.

అవ్వకు ఇంకో దిగులు పట్టుకుంది. “రూమ్ ఇడిసిపెట్టి పోతే కబ్జా పోదా?”

మా చాల్లో ఇది పెద్ద భయం. ఊరిలో పెళ్ళయినా, చావయినా, ఒకరు గదిలో ఉండి తీరాలి. వారం రోజులు తాళం కనబడితే ఇంకెవరో పడక వేస్తారని పెద్దవాళ్ళ నమ్మకం. అవ్వ తన కొడుకు పెళ్ళికి కూడా పోకుండా గది కాపలా ఉండిపోయిన మనిషి.

“అవ్వా, అది ఆమె రూమ్ కాదు. నౌకరీ చేసే ఇల్లు.”

అప్పటిదాకా మాట్లాడని అత్త, కత్తెర ఆపకుండా అంది: “గందుకే ఆమె పోవాల్సొచ్చింది. ఆమె రూమే అయితే పోయేటోడు వాడే.”

తరువాత తలెత్తి నన్ను అడిగింది. “మళ్ళ ఏమైంది? తిరిగొచ్చిందా?”

నవల అప్పటికి నేను పూర్తిగా చదివేశాను. చివర్లో ఆమె తిరిగి వస్తుంది. భార్య చనిపోయి, ఆయన అన్నీ పోగొట్టుకుని, ఒంట్లో శక్తి కూడా లేకుండా ఒంటరిగా ఉన్నాడని విని, తనంతట తానే వస్తుంది. నా చూపు అత్త గుమ్మం పక్కనున్న సంచి మీద పడింది. మామ మోకాళ్ళు గుర్తుకొచ్చాయి.

“రాలేదత్తా. గాడికే అయిపోయింది,” అని పుస్తకం మూసేశాను.

అత్త ఒక్క క్షణం పుస్తకం వైపు చూసి, ఇంకో చొక్కా తీసుకుంది.

మామ ఫాక్‌లాండ్ రోడ్ వైపు, పాలమూరు నుంచి వచ్చిన కూలీలుండే గదిలో పడుకునేవాడు. రోజూ ఒంటిగంటకు వచ్చేవాడు. అత్త గ్యాలరీలో పీట వేసి అన్నం పెట్టేది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. తిట్టలేదు. తినడం అయ్యాక, “ఇగ పో, మూటలొచ్చే టైమయింది,” అనేది. ఆయన వెళ్ళేవాడు. సంచి మాత్రం అక్కడే ఉండేది. నేనింట్లో లేని వేళ జరిగిందంతా సాయంత్రం వదిన నాకు అభినయించి చూపించేది.

“ఇయ్యాల కోడిగుడ్డు కూర పెట్టింది. గిట్ల మేపితే పోతడా ఎవడన్న?” అంది బుధవారం నాడు, అత్తకు వినబడేలాగే.

“ఆకలితో ఉన్నోడు గుమ్మం ఇడువడు పిల్లా. కడుపు నిండినోడే లేచి పోతడు,” అంది అత్త.

“మెత్తబడ్డవ్ నువ్వు.”

“మెత్తగ లేకుంటె అన్నమే అయితదా?”

వాళ్ళు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి డైరీలో అత్త గురించి మొదటిసారి రాశాను, కుడివైపు. రాసి, నా మీద నాకే కోపం వచ్చి కొట్టేశాను.

అందరి గదుల ఫారాలూ ముందే నింపి పెట్టే పని చాల్ పెద్దలు నాకే అప్పగించారు. గురువారం సాయంత్రం అత్త ఫారం పట్టుకుని ఆమె దగ్గరకు వెళ్ళాను.

“అత్తా, ఉండేవాళ్ళు అన్న చోట నీ ఒక్క పేరే రాస్త. మామ రాకముందే పొద్దున వాళ్ళకు ఇచ్చేస్త.”

“ఖాళీగ ఉంచు.”

“ఎందుకు?”

“నువ్వు రాస్తే నీ రాత అయితది. రేపు మీ మామ లొల్లి జేస్తే నలుగురిల నిలబడి మాట్లాడనీకె నీకు నోరొస్తదా?”

అది నిజమే. నేను ఆ గడి ఖాళీగా ఉంచాను. అత్త మనసుకు ఓడిపోయిందని, గది పోయిందని అనుకుంటూ పడుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి ముగ్గురు వచ్చారు. ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు, నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఒక్కో గది ముందుకూ కుర్చీ జరుగుతోంది. ప్రతి గుమ్మంలోనూ ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. అత్త గది దగ్గరకు వచ్చేసరికి మామ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. అత్త గుమ్మానికి ఆనుకుని ఉంది.

“ఇధర్ కౌన్ రహతా హై?” అని అడిగాడు కుర్చీలో ఆయన.

మామ ముందుకు వచ్చి పావతీ చూపించాడు. తనే ఉంటున్నానన్నాడు. పావతీలో పేరు చూడమన్నాడు. కుర్చీలో ఆయన నా వైపు తిరిగి, రాయమన్నట్టు తల ఊపాడు. నేను పెన్ను కాగితం మీద పెట్టాను. అత్త వైపు చూశాను.

అప్పుడు అత్త మాట్లాడింది. ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

“ఈడ్నే ఉంటున్నవు గదా. నీళ్ళు ఎన్నిగంటలకొస్తయో జెప్పు సార్‌కు.”

మామకు ఆ ప్రశ్న ఎంతో తేలికగా తోచింది. కొంచెం నవ్వాడు కూడా. “గిదేం సవాలు? పొద్దుగాల ఐదున్నరకు. మా నాయిన కాలం కెల్లి గదే టైము.”

ముందుగా అవ్వ నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

“ఓ కొడుకా, ఏ కాలంల ఉన్నవురా! ఇప్పుడు గా టైముకు నల్ల కింద చేపను పెడితే సస్తది, సుక్క నీళ్ళుండవు!”

“వర్లిల వస్తయేమో ఐదున్నరకు,” అంది వదిన.

తొమ్మిది గుమ్మాలూ ఒక్కసారిగా నవ్వాయి. కుర్చీలో ఆయనకు తెలుగు రాదు. నన్ను చూసి, “క్యా హువా?” అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నా చెవులు మండిపోయాయి. లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో తెలియదు. ఇక్కడ నీళ్ళు మూడేళ్ళుగా మధ్యాహ్నం మూడున్నరకు వస్తాయని, ఈయనకు ఆ సంగతి తెలియదని హిందీలో చెప్పాను. అంతమంది ముందు నేను చెప్పిన మొదటి మాట అది. చెప్పాక కూర్చోవడం మరిచిపోయాను.

మామ గుమ్మంలోంచి లోపలికి చూశాడు. నీలం డ్రమ్ము, సున్నం వేసిన గోడ, ఒకే ఒక పడక. పదకొండేళ్ళలో ఆయన ఆ గదిని చూడటం బహుశా అదే మొదటిసారి. పావతీ మడిచి అత్త చేతికిచ్చాడు.

“ఆమెనే ఉంటది. రాయి బిడ్డా,” అన్నాడు నాతో.

అత్త పేరు రాశాను. ఆయన కింద సంతకం పెట్టాడు. చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరం. కుర్చీ పక్క గది ముందుకు జరిగింది. మామ వంగి సంచి తీసుకున్నాడు.

“తిని పో,” అంది అత్త.

“ఇయ్యాల వద్దు.”

ఆయన మెట్లు దిగుతుంటే అత్త అక్కడే నిలబడి ఉంది. చప్పుడు కింది మెట్టు దాకా పోయి ఆగిపోయేంత వరకు.

మధ్యాహ్నం నీళ్ళు వచ్చాయి. డ్రమ్ములు నింపుకున్నాం. చొక్కాల దగ్గర కూర్చున్నాక అత్త ఒక చొక్కా చేతి అంచు కత్తిరించేసింది. దారం కాదు, బట్టే. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క చొక్కా పాడు చేయగా నేను చూడలేదు. ఆ కోతను కాసేపు వేలితో తడిమి, చొక్కాను విడిగా మడిచి పెట్టింది. అవ్వా, వదినా చూసీ చూడనట్టు ఉండి, వంట వేళకు లేచి లోపలికి వెళ్ళారు. ఇద్దరమే మిగిలాం.

“అత్తా, నాలుగు దినాలు మామకు ఒంటిగంటకే అన్నం పెట్టి రెండున్నర లోపల పంపిచ్చినవు. నీళ్ళ టైము తెల్వొద్దనేనా?”

“ఆకలైతుందంటే అన్నం పెట్టిన. గంతే.” ఇంకో చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. “నీళ్ళ సంగతి ఆయన పావతీ చూపెడుతుంటె యాదికొచ్చింది. ముందుగాల్నే యాదికొచ్చిందేమో గూడ. ఏమో, నాకే తెల్వది.”

నేను అప్పటినుంచి ఆ నాలుగు భోజనాల గురించి చాలాసార్లు ఆలోచించాను. వాటిని ఏ వైపు రాయాలో తెలియక పేజీ అలాగే వదిలేశాను. నవలలో పిల్ల గురించి కూడా ఇప్పుడు అంత ధీమాగా రాయలేను. తిండి లేకుండా బయలుదేరిన ఆ నడకలో ఎంత బుద్ధి ఉంది, ఎంత అభిమానం ఉంది? అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఉంటే లొంగిపోతానని తెలిసి పరుగెత్తిందంటే, ఆ తెలియడం ఏమిటి? వెళ్ళడమే గెలుపని నేను అనుకున్నాను. అత్త పదకొండేళ్ళు కదలకుండా కూర్చుని గెలిచింది. లేదా గెలిచిందో లేదో, గది మాత్రం నిలిచింది. తలుపు మీది రేకు ఎందుకు తీయలేదని అడిగితే, “పావతీ మీద ఒక పేరు, తలుపు మీద ఒక పేరు ఉంటే ఇల్లుగల్ల సేట్ ఊకుంటడా?” అంది. అది ఒక్కటే కారణమని నేను నమ్మను. అబద్ధమనీ అనను.

“ఇగ మిగిలింది జెప్పు,” అంది అత్త.

“ఏం మిగిలింది?”

అత్త నా ఒళ్ళోని పుస్తకం తీసుకుంది. ఆమెకు చదవడం రాదు. అట్టముక్క ఉన్న చోట తెరిచి, దాని తరువాతి పేజీలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నాకు చూపించింది. చొక్కాల కట్టలో ఎన్ని ఉన్నాయో పట్టి చూసి చెప్పే చెయ్యి అది.

“ఇంత మిగిలింది. గాడికే అయిపోయిందంటే సోమవారం నుంచి నవ్వుకుంటున్న. గింత కాగితం ఉత్తగ అచ్చేస్తరా ఎవరన్న?”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “నువ్వు ఆయన్ని లోపలికి రానిస్తవేమోనని...”

“కథ విని రానిస్తనా? పిచ్చిదానా. అడుగుదామనుకున్న, గని రూమ్ పని అయినంక విందామని ఊకున్న.”

చెప్పాను. ఆమె ఇంకో ఊరిలో చిన్న బడి నడపడం, అక్కడ ఒక మంచివాడు కేవలం కర్తవ్యం కోసం పెళ్ళాడమంటే కాదనడం, తనకంటూ కొంత ఆస్తి రావడం, చివరకు ఆ మొదటి మనిషి దిక్కులేకుండా ఉన్నాడని తెలిసి వెతుక్కుంటూ రావడం. అత్త కత్తెర పక్కన పెట్టి వింది. ఆమె చేతులు ఖాళీగా ఉండగా కథ చెప్పడం నాకు అదే మొదలు.

“అంటే తనకని కొంచెం అయినంక వచ్చింది,” అంది.

“అవును.”

“పిలిస్తే రాలేదు. తనకనిపిచ్చి వచ్చింది.”

“అవునత్తా.”

అత్త గ్యాలరీ కమ్మీల మీదుగా కిందికి చూసింది. ఫాక్‌లాండ్ రోడ్ వైపు పోయే సందు మలుపు అక్కడి నుంచి కొంచెం కనబడుతుంది. ఆదివారం ఆమె ఆ కూలీల గదికి అన్నం డబ్బా పంపుతుందో లేదో నాకు అప్పటికి తెలియదు. ఆమెకూ తెలియదనే అనుకుంటాను. గుమ్మం పక్కన సంచి నాలుగు రోజులు ఉన్న చోట నేల మీద దుమ్ము లేని చతురస్రం ఒకటి మిగిలి ఉంది. అత్త దాని వైపు చూసి అడిగింది.

“ఆమె మళ్ళ వచ్చినప్పుడు సంచి ఏడ పెట్టింది? లోపల్నా, బయట్నా?”

నాకు గుర్తు లేదు. పేజీలు తిప్పాను. ఆమె చీకటి పడే వేళకు వచ్చింది, తలుపు తట్టింది, లోపలికి వెళ్ళి ఆయనకు మంచినీళ్ళు అందించింది. సంచి మాట ఎక్కడా కనబడలేదు.

“రాయలేదేమో అత్తా.”

“రాయకుండ ఉంటరా? మంచిగ చూడు.”

అట్టముక్క తీసి చొక్కాల మీద పెట్టి, ఆ భాగం మొదటి నుంచి, ఈసారి ఒక్కో వాక్యం పైకి చదువుతూ, తెలుగులో చెప్పుకుంటూ వెతకడం మొదలుపెట్టాను.